గణాంకాల పాఠం లెక్కల సారుదేనా?

చాక్‌పీస్ (లెక్కల టీచరు, ఉరవకొండ వైపు):
పదో తరగతికి సాంఖ్యకశాస్త్రం చెప్పబట్టి నాకిది పద్దెనిమిదో ఏడు. మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో సైన్స్ మేడం పక్క చేనులోంచి పది చెనక్కాయ మొక్కలు పీక్కొచ్చి బల్ల మీద పడేసి, మొక్కకు సగటున ఎన్ని కాయలో చెప్పమన్నారు. ఓస్ ఇంతేనా అనుకున్నాం. లెక్కపెట్టడం మొదలు కాకముందే గొడవ. గింజ పట్టని కాయలు లెక్కలోకి వస్తాయా, రావా? పావుగంట వాదించుకుని గింజ ఉన్నవే అని తేల్చుకున్నాం.

వచ్చిన అంకెలు: 8, 11, 9, 14, 7, 10, 12, 9, 31, 9. మొత్తం 120, సగటు 12. నేను పెన్నుకు మూత పెట్టేశాను. మేడం ఆ 31 కాయల మొక్కను చేతిలోకి తీసుకుని వేళ్ల మట్టి దులిపారు. చూస్తే ఒకే కుదురులో రెండు మొక్కలు! విత్తేటప్పుడు రెండు గింజలు పడినట్టున్నాయి. ఇక చూడండి మా తంటాలు. ఉన్నది ఉన్నట్టు ఉంచితే 12. దాన్ని తీసేస్తే 9.9. రెండు మొక్కలుగా రాసుకుని 11తో భాగిస్తే 10.9. కూడికలో గానీ భాగహారంలో గానీ ఎవరమూ తప్పలేదు.

ఇది లెక్కల పాఠం కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఇన్నేళ్లూ నేను చెప్పింది సగటు కట్టే పద్ధతి, అంతే. దీనికి మాకు వేరే శిక్షణ కావాలి. మీరేమంటారు?

బురుజు కింద (లెక్కల టీచరు, కర్నూలు):
సార్, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోను. సరిగ్గా చేస్తే సమాధానం ఒకటే వస్తుందని పిల్లవాడికి నమ్మకం కుదరడానికే ఏళ్లు పడుతుంది. అక్కడికి వచ్చాక మూడూ ఒప్పే అంటే వాడు ఏమైపోవాలి? పరీక్షలో ఇదే ఇస్తే కీలో ఏది రాస్తారు? సగటు కట్టే సోపాన విచలన పద్ధతిలో ఒక వరుస తప్పితే ఎంత కోయాలో నాకు తెలుసు. ‘నాకిలా తోచింది’ అని రాస్తే ఎంత వేయాలో తెలీదు.

ఇంకోటి. పేరుమోసిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసింది లెక్కల్లోనే. ఆ పునాది లేకుండా గణాంకాలంటే కబుర్లే మిగులుతాయి.

వేళ్ల మట్టి (సైన్స్ టీచరు):
ఆ మొక్కలు తెచ్చింది నేనే. రావు గారి సంగతి మీరు సగంలో ఆపారు సార్. అక్కడి నుంచి ఆయన కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వెళ్లారు. మహలనోబిస్ 1931లో పెట్టిన సంస్థ అది. 1946లో ఆయనను కేంబ్రిడ్జికి పంపింది సూత్రాలు నేర్చుకు రమ్మని కాదు. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు విశ్లేషించడానికి. గణాంకాల్లో దిగ్గజం ఫిషర్ దగ్గర డాక్టరేటు చేసింది ఆ రోజుల్లోనే. పునాది లెక్కలదే, కాదనను. చేసిన పని మాత్రం ఎముకలతో.

త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలు అనడానికి అది ఎవరి చేలో ఉందో అక్కర్లేదు. 31 కాయల సంగతి తేలాలంటే వేళ్లు దులపాల్సిందే. లెక్కల్లో ఒక్క వ్యతిరేక ఉదాహరణ చూపిస్తే సిద్ధాంతం కూలిపోతుంది. ఇక్కడ ఒక మొక్కకు 7 కాయలే ఉన్నాయని సగటు తప్పైపోదు. మొక్కకూ మొక్కకూ తేడా ఉండడం తప్పు కాదు, మనం చూడాల్సింది ఆ తేడానే. లెక్కల పద్ధతికి అలవాటుపడిన మనసుకు ఇదే మింగుడుపడదు.

ఒకటో తరగతి టీచరు:
శిక్షణ అనొద్దు మహాప్రభో! మళ్లీ మూడు రోజులు పీపీటీలు చూపిస్తారు. మా బడి హాజరు పట్టీ చాలు నాకు. సోమవారం పిల్లలు ఎందుకు తగ్గుతారో మా ఆయా నాకంటే బాగా చెబుతుంది.

మెట్టచేను (రైతు, కళ్యాణదుర్గం):
నేను టీచరును కాదు, ఇంటర్‌తో ఆపినోన్ని. వాన సంగతి చెప్తా. మామూలు కంటే 19 శాతం అటూ ఇటూ అయినా వాతావరణ శాఖ దాన్ని సాధారణ వర్షపాతమే అంటాది. మొత్తం చూస్తే సాధారణమే, చెనక్కాయకు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టేటప్పుడు ఇరవై దినాలు చినుకు లేకుంటే మాకు మిగిలేది కట్టె. ఆ మొత్తం తప్పని నేననను. మా చేను సంగతి అది చెప్పదు, అంతే.

అది సరే మేడం, మొక్కలు యాడ పీకినారు? గెనిమ గట్టు పక్కనా, చేను నడుమా?

వేళ్ల మట్టి:
గెనిమ పక్కనే. చీరకు బురద అవుతుందని లోపలికి దిగలేదు.

మెట్టచేను:
అట్లయితే మీ పదీ గెనిమ లెక్కే గానీ చేను లెక్క కాదు.

చాక్‌పీస్:
ఈ మాట ఆ రోజు మా పన్నెండు మందిలో ఒక్కరికీ తట్టలేదు. ఈసారి సాళ్లకు నంబర్లు వేసి చీట్లు తీస్తాం.

బురుజు కింద:
రాత్రంతా ఆలోచించాను. నా ఓటు 10.9కి. 9.9 అన్నవాళ్లు కాయలు పారేశారు, 12 అన్నవాళ్లు ఒక మొక్కను మింగేశారు. పిల్లవాడు కారణం ఇలా రాస్తే పూర్తి మార్కులు వేస్తాను. కానీ కారణం చూసి మార్కులు వేయండని కీలో రాసే ధైర్యం ఎవరికుంది? ఆ మాట కీలోకి వచ్చేదాకా ఈ పాఠం ఎవరు చెప్పినా ఒకటే.

వేళ్ల మట్టి:
10.9 దగ్గరే ఆగకండి సార్. 31ని ఇద్దరికి పంచితే తలా పదిహేనున్నర. ఒంటరిగా పెరిగిన తొమ్మిదిట్లో ఒక్కదానికీ అన్ని లేవు. ఇరుకులో పెరిగినవాటికి తగ్గాలి కదా?

మెట్టచేను:
ఎరువు కుప్ప పోసిన తావు అయ్యుంటాది మేడం. బండి దింపేది గెనిమ పక్కనే కదా.