పడమట దిగువన మెరిసేది బుధుడా, శుక్రుడా? (ఫిబ్రవరి 2026)

మియాపూర్_నాన్న: మా పాప ఎనిమిదో తరగతి. బుధుడిని కళ్లారా చూడాలని పట్టుబట్టింది. సాయంత్రం మేడ మీదికెక్కితే పడమట బిల్డింగుల సందులో ఒక చుక్క, నెత్తి వైపు ఇంకా పెద్ద చుక్క కనిపిస్తున్నాయి. ఏది ఏమిటి? సిటీలో ఎక్కడి నుంచి బాగా కనిపిస్తుంది? బైనాక్యులర్ 7×50 (ఏడు రెట్లు పెద్దగా చూపేది) కొనాలా, 10×50 (పది రెట్లు) కొనాలా? తెల్లవారుజామున చూడటం మేలా?

గోదావరిగట్టు: నెత్తి వైపు ఉన్నది గురుడు, మిథునంలో ఉన్నాడు. బుధుడి కోసమైతే మా రాజమండ్రి రండి. ఊరు నదికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పుష్కర ఘాట్‌లో నిలబడితే పడమట కొవ్వూరు దాకా అంతా నీళ్లే, అడ్డం ఏమీ ఉండదు. 19న బుధుడు సూర్యుడికి 18 డిగ్రీల దూరాన ఉన్నాడు. నెలవంక కింద బుధుడు, ఇంకా కింద నీళ్లకు ఆనుకున్నట్టు శుక్రుడు. ఘాట్‌లో స్నానానికొచ్చిన పెద్దావిడకు కూడా చూపించాను. జన్మలో మొదటిసారి చూశానని దణ్ణం పెట్టుకుంది.

హేతువు_హైద్: శుక్రుడు కనిపిస్తున్నాడా? సంతోషం. ఈ శుక్రుడి మూఢం పేరు చెప్పి మాఘమాసమంతా మా చెల్లి పెళ్లి ఆపేశారు. ఫంక్షన్ హాల్ అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. ఆకాశంలో ఒక గ్రహం కనబడకపోతే ఇక్కడ పెళ్లికి ఏం నష్టం?

సిద్ధాంతిగారబ్బాయి: అడ్వాన్సు పోయినందుకు బాధే గానీ, కోపం పంచాంగం మీద చూపించకండి. నేను ఇరవై ఏళ్లుగా గణితం చేస్తున్నాను. సూర్యసిద్ధాంతం శుక్రుడికి 10 కాలాంశలు (కనబడాలంటే సూర్యుడికి ఉండాల్సిన కనీస దూరం, డిగ్రీల్లో) చెప్పింది, వక్రంలో (వెనక్కి నడుస్తున్నట్టు కనిపించేటప్పుడు) ఉంటే 8. గురుడికి 11. సూర్యుడికి అంతకన్నా దగ్గరైతే మూఢం. జనవరి 6న శుక్రుడు సూర్యుడికి అవతలి పక్క ఉన్నాడు. అక్కడి నుంచి రోజుకు పావు డిగ్రీ చొప్పున జరుగుతాడు. 10 డిగ్రీలు దాటడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరే లెక్కేయండి. నలభై రోజులు. ముందు నలభై, వెనక నలభై. ఇందులో కల్పితం ఏముంది?

హేతువు_హైద్: కనబడదన్న లెక్క నేను కాదనలేదు. కనబడకపోతే పెళ్లి చేయకూడదన్నది ఏ లెక్క? అది చెప్పండి. గణితం చూపించి నమ్మకాన్ని అమ్మకండి.

సిద్ధాంతిగారబ్బాయి: అమ్మడం ఏమిటండీ? మాట జాగ్రత్త. మా నాన్నగారు మూఢంలో ముహూర్తం అడిగినవాళ్లను ఖాళీ చేతులతో పంపేవారు, దక్షిణ పోయినా సరే.

డల్లాస్_తెలుగోడు: మరి 2025 మార్చిలో మూఢం పది రోజుల్లో ఎందుకు అయిపోయింది? అప్పుడూ సూర్యుడి దగ్గరే కదా?

సిద్ధాంతిగారబ్బాయి: మంచి ప్రశ్న. అప్పుడు శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్యలో, వక్రంలో ఉన్నాడు. రోజుకు డిగ్రీన్నర పైనే సూర్యుడికి దూరమవుతాడు. అటు అయిదు రోజులు, ఇటు అయిదు రోజులు. పడమట మునిగినవాడు కొద్ది రోజులకే తూర్పున వేగుచుక్కై లేస్తాడు. ఇది రాత్రుళ్లు కూర్చుని చూసినవాళ్లు రాసిన లెక్క.

బైనాక్యులర్_బాబు: మూఢం పోవడానికి వారం ముందే నేను బైనాక్యులర్‌తో శుక్రుణ్ణి పట్టాను. సూర్యుడు ఇంకా అంచున ఉండగానే పడమట జల్లెడ పట్టినట్టు వెతకాలి, ఆలస్యం చేస్తే దిగిపోతాడు. మియాపూర్ గారూ, పాపతో ఇలాగే చేయించండి.

గోదావరిగట్టు: చేయించకండి! దయచేసి ఎవరూ ఇలా చేయకండి! సూర్యుడు పూర్తిగా అస్తమించాకే బైనాక్యులర్ పైకెత్తాలి. లెన్సులోకి ఒక్క క్షణం సూర్యుడు పడితే కన్ను పోతుంది, మళ్లీ రాదు. పిల్లల విషయంలో ఇలాంటి సలహా ఎలా ఇస్తారు?

బైనాక్యులర్_బాబు: నాకు అలవాటు కాబట్టి చెప్పాను. అరుస్తారెందుకు?

గోదావరిగట్టు: అరుస్తాను. అడిగింది ఎనిమిదో తరగతి పిల్ల కోసం.

విశాఖతీరం: మాకు సముద్రం తూర్పున ఉంది, కాబట్టి తెల్లవారుజామే మాది. 2025 ఆగస్టు 12న శుక్రుడు, గురుడు ఒక డిగ్రీ లోపు పక్కపక్కనే లేస్తారని బీచ్‌కి వెళ్తే మబ్బు, మబ్బు, మబ్బు. మన దగ్గర వానాకాలంలో పడే మంచి దృశ్యాలన్నీ ఇలాగే పోతున్నాయి. 2020 డిసెంబరు 21న గురుడు, శని కలిసినప్పుడు మాత్రం ఆకాశం అద్దంలా ఉంది, కానీ అది సాయంత్రం, మా కొండల వైపు.

డల్లాస్_తెలుగోడు: మీ అక్షాంశం 17 డిగ్రీలు, అదే మీ అదృష్టం. గ్రహాల దారి ఆకాశపుటంచు నుంచి నిటారుగా లేస్తుంది, సందె చీకటి త్వరగా పడుతుంది. ఇంకో సంగతి. 2013లో వార్తల్లో వచ్చింది, లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర మన సైనికులు గురుడిని, శుక్రుడిని చైనా డ్రోన్లని అనుమానించారు. బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు పరిశీలించి గ్రహాలని తేల్చారు. శుక్రుడు అంత వెలుగుతాడు.

హేతువు_హైద్: సైన్యాన్ని తక్కువ చేయకండి. ఆ చలిలో కాపలా కాసేవాడికి ప్రతి వెలుగూ అనుమానమే, అది వాడి డ్యూటీ.

మియాపూర్_నాన్న: అందరికీ కృతజ్ఞతలు, కానీ సిటీలో చోటు, బైనాక్యులర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

గోదావరిగట్టు: ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ మీదుగా పడమటకు చూడండి. సూర్యాస్తమయం తర్వాత అరగంటకు మొదలుపెట్టి గంట లోపు ముగించాలి. త్వరపడండి, ఈ నెలాఖరుకే బుధుడు మసకబారి దిగిపోతాడు. పాప చేతులకు 7×50 నయం, వణకదు. శుక్రుడు ఇప్పుడు ఏ బైనాక్యులర్‌లోనూ నెలవంకలా కనబడడు, ముఖమంతా వెలిగి చిన్నగా ఉన్నాడు. సెప్టెంబరు ఆఖర్లో చూడండి, అప్పటికి దగ్గరై వంక తేలుతుంది.

విశాఖతీరం: జూన్ 9 సాయంత్రం శుక్రుడు, గురుడు మళ్లీ దగ్గరవుతున్నారు. నైరుతి ఈసారైనా రెండు రోజులు ఆగి వస్తే బాగుండు. కొండలకు అవతల, అరకు వైపు పడమర తెరిపిగా ఉండే చోటు ఎవరికైనా తెలుసా?