అప్‌డేట్: మెదడు స్కాన్‌లో ఎడమవైపు రక్తప్రవాహం తక్కువ రావడానికి, ఆక్సిజన్ అంకె తేడా రావడానికి చెరో కారణం
అసలు ప్రశ్న: 3 టెస్లా ఎమ్మారైలో ఏఎస్ఎల్ మ్యాప్ (రక్తానికే అయస్కాంత గుర్తు వేసి మెదడులో రక్తప్రవాహం కొలిచే పద్ధతి) ఎడమవైపు చాలా తక్కువ చూపిస్తోంది, ట్రస్ట్ స్కాన్‌లో (సిర రక్తంలో ఆక్సిజన్ అంచనా వేసేది) ఆక్సిజన్ వాడకం కూడా తేడాగా వస్తోంది.

మొదటిది, రక్తప్రవాహం విషయంలో, టైమింగ్. లేబుల్ (రక్తానికి వేసే ఆ గుర్తు) తర్వాత ఆగే సమయం 1500 మిల్లీసెకన్లే ఉంది. మెడలో కెరోటిడ్ ధమని సన్నబడిన పేషెంట్‌లో రక్తం ఆలస్యంగా చేరుతుంది. లేబుల్ ఇంకా ధమనుల్లోనే ఉండగా ఫొటో తీసేశాం. అందుకే నాళాల వెంట తెల్లటి చుక్కలు, కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) ఖాళీ. 2000కి పెంచితే చుక్కలు చాలావరకు పోయాయి. సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి రిపిటీషన్లు (కొలతను మళ్లీ మళ్లీ తీయడం) పెంచాలి.

రెండోది, ఆక్సిజన్ అంకె విషయంలో, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు). సాఫ్ట్‌వేర్ 0.42 అనుకుంది, ల్యాబ్ రిపోర్టు 0.33. రక్తం పలచబడితే టీ2 (ఎమ్మారై సిగ్నల్ తగ్గిపోయే సమయం, ట్రస్ట్ దీన్నుంచే ఆక్సిజన్ లెక్కిస్తుంది) దానంతటదే పెరుగుతుంది, 0.42 అనుకుంటే సిరలో ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ అనిపిస్తుంది. స్కాన్ రోజు రక్తపరీక్షే వాడండి. సికిల్ సెల్ ఉంటే టీ2 నుంచి ఆక్సిజన్ లెక్కించే మామూలు క్యాలిబ్రేషన్ పనికిరాదు.

ఒక మాట: ట్రస్ట్ సాజిటల్ సైనస్‌లో (మెదడు పైభాగం మధ్యలో ఉండే పెద్ద సిర) కొలుస్తుంది, ఇచ్చేది మెదడు మొత్తానికి ఒకే అంకె. దాంతో ఎడమ, కుడి పోల్చబోవడం నా పొరపాటే.