డిపార్ట్‌మెంట్‌కి మెయిలింగ్ లిస్టు పెట్టాలి, దేనితో మొదలుపెట్టమంటారు?

అడిగినవారు (డిపార్ట్‌మెంట్ ఆఫీసు):
అందరికీ నమస్కారం. మా డిపార్ట్‌మెంట్‌లో పీజీ విద్యార్థులు, రీసెర్చ్ స్కాలర్లు, స్టాఫ్ కలిపి 600 మంది దాకా ఉంటారు. ఫీజు గడువైనా, వైవా తేదీ అయినా అడ్రసులన్నీ బీసీసీలో పెట్టి పంపుతున్నాం. చాలామందికి స్పామ్‌లో పడుతోంది. వాట్సాప్‌లో పెడితే గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య నోటీసు ఎవరికీ కనబడదు. ఒక్క అడ్రసుకు పంపితే అందరికీ చేరేలా మెయిలింగ్ లిస్టు పెడదామనుకుంటున్నాం. దానికి సొంత సర్వర్‌లో నడిపే మెయిల్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్ మంచిదా, గూగుల్ గ్రూప్సా?

జవాబు (కంప్యూటర్ సెంటర్ ఉద్యోగి):
మేడం, మీ యూనివర్సిటీకి గూగుల్ వర్క్‌స్పేస్ (సంస్థలకు గూగుల్ ఇచ్చే మెయిల్ సేవ) ఉంటే గ్రూప్స్‌తోనే మొదలుపెట్టండి. సర్వర్‌ని రోజూ చూసుకునే మనిషి ఉంటేనే మెయిల్‌మ్యాన్ జోలికి వెళ్లండి. అది కూడా మెయిల్‌మ్యాన్ 3 మాత్రమే. పాత 2.1 నడిచేది పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాష మీద, దానికి 2020 జనవరి 1తోనే సపోర్టు ఆగిపోయింది. ఫ్రాన్స్ యూనివర్సిటీల వాళ్లు తయారుచేసుకున్న సింపా అని ఇంకొకటి ఉంది. అడ్మిషన్ల డేటాబేస్‌లోంచి సభ్యుల జాబితాను దానంతట అదే తీసుకోగలదు. యూనివర్సిటీ మొత్తానికైతే దాన్ని చూడమంటాను.

ఏది పెట్టుకున్నా, ఎవరు పోస్టు చేయొచ్చో ముందు తేల్చుకోండి. నోటీసులకు ఒక లిస్టు, చర్చలకు వేరే లిస్టు ఉండాలి. నోటీసుల లిస్టులో పోస్టు చేసే హక్కు ఓనర్లకీ మేనేజర్లకీ మాత్రమే ఇవ్వండి. జవాబులు ఎవరికి వెళ్లాలి అన్నచోట ఆఫీసు అడ్రసు పెట్టండి. ఇది చేయకపోతే ఏమవుతుందో మా దగ్గర చూశాం. ఒక అబ్బాయి హాల్ టికెట్ రాలేదంటూ రోల్ నంబరు, ఫోన్ నంబరు రాసి రిప్లై కొట్టాడు. అది లిస్టులో ఉన్న అందరికీ వెళ్లింది. ‘నన్ను తీసేయండి’ అని ఒకరు, ‘అందరికీ రిప్లై ఇవ్వకండి’ అని ఇంకొకరు, వాళ్లూ అందరికీ రిప్లై ఇస్తూనే! అసలు నోటీసు అడుగున పడిపోయింది.

సభ్యుల జాబితా కూడా మేనేజర్లకే కనబడాలి. ఆడపిల్లల అడ్రసులు కూడా అందులో ఉంటాయి, ఈ ఒక్క సెట్టింగు మాత్రం మర్చిపోవద్దు.

అడిగినవారు:
థాంక్యూ సార్. కొందరు సొంత జీమెయిల్ ఇచ్చారు. ఒక సార్‌కి యాహూ ఉంది. ఇంకో డిపార్ట్‌మెంట్ వాళ్ల పాత లిస్టులో ఆయన పంపినవి చాలామందికి చేరడం లేదట.

జవాబు:
అది డీమార్క్ వల్ల, అంటే మెయిల్ నిజంగా ఆ అడ్రసు నుంచే వచ్చిందా అని చూసే పద్ధతి. తమ సర్వర్ల నుంచి రాని యాహూ మెయిల్‌ని తిప్పికొట్టమని యాహూ 2014 ఏప్రిల్‌లో ప్రకటించింది. సార్ మెయిల్ లిస్టు సర్వర్ మీదుగా వస్తుంది కాబట్టి, అవతలి సర్వర్‌కి అది దొంగ మెయిల్‌లా కనబడుతుంది. ఆ సర్వర్ తిప్పికొట్టిన ప్రతిసారీ మెయిల్‌మ్యాన్ అందుకోవాల్సినవాళ్ల ఖాతాలో బౌన్స్ (మెయిల్ చేరలేదన్న లెక్క) రాస్తుంది. అవి పెరిగితే, ఏ తప్పూ లేని విద్యార్థికి మెయిళ్లు ఆగిపోతాయి. ఆ లిస్టు నడిపేవాళ్లను డీమార్క్ సెట్టింగుల్లో ‘ఫ్రమ్’ స్థానంలో లిస్టు అడ్రసు వచ్చేలా మార్చమనండి. గూగుల్ గ్రూప్స్ ఇలాంటి మెయిళ్లకు ఆ పని తనే చేస్తుంది. సొంత జీమెయిల్ వాళ్లను చేర్చాలంటే మాత్రం బయటి సభ్యులకు మీ అడ్మిన్ అనుమతి ఇవ్వాలి.

సొంత సర్వర్ అయితే ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్‌కి వేసే డిజిటల్ సంతకం) రెండూ పెట్టించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వీటిని గట్టిగా చూస్తోంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు డీమార్క్ కూడా తప్పనిసరి.

ఇంకొకరు (రీసెర్చ్ స్కాలర్):
మేడం, బ్యాచ్‌కో గ్రూపు చేసి, వాటన్నిటినీ పెద్ద గ్రూపులో సభ్యులుగా చేర్చండి. కోర్సు అయిపోయాక ఆ ఒక్క గ్రూపును తీసేస్తే చాలు. జీమెయిల్ నుంచి లిస్టుకి పంపితే మీ మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో మళ్లీ కనబడదు. వెళ్లలేదేమో అని టెన్షన్ పడి రెండోసారి పంపకండి, ‘సెంట్’ ఫోల్డర్‌లో ఉంటుంది.

అడిగినవారు:
ఓనర్‌గా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారి అడ్రసు పెట్టమంటారా?

జవాబు:
ఆయన సొంత అడ్రసు వద్దు మేడం. హెచ్‌ఓడీ పదవి పేరు మీద ఉన్న అడ్రసు ఒకటి, ఆఫీసుది ఒకటి, ఇద్దరు ఓనర్లను పెట్టండి. హెచ్‌ఓడీ మారినప్పుడు పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుంది.