లెక్కపెట్టలేని ఘటన అనగానే పిల్లలు ‘సగం సగం’ అంటున్నారు, ఎలా సరిదిద్దాలి?

ఆరో తరగతి పిల్లలకు సంభావ్యత చెబుతున్నాను. 0 నుంచి 1 వరకు గీత గీసి ‘అసంభవం’, ‘అరుదు’, ‘సమాన అవకాశం’, ‘చాలావరకు జరుగుతుంది’, ‘తథ్యం’ అనే మాటలను దాని మీద పెట్టమంటాను. పాచిక వరకు ఇబ్బంది లేదు. 7 పడటం అసంభవం, 7 కంటే తక్కువ పడటం తథ్యం, 6 పడే అవకాశం 1/6 కాబట్టి తక్కువే అని వాళ్లే చెబుతారు. తొమ్మిది ఎర్ర గోళీలు, ఒక నీలం గోళీ ఉన్న సంచితోనూ అంతే.

చిక్కంతా ‘రేపు వాన పడుతుందా?’ లాంటి ప్రశ్నతోనే. ‘పడవచ్చు, పడకపోవచ్చు, రెండే కదా, అందుకే సగం సగం’ అంటారు. ఆకాశం నిర్మలంగా ఉన్నా అదే జవాబు. పాచికలో 6 పడటం, పడకపోవడం కూడా రెండే కదా అని గుర్తుచేస్తే ఒప్పుకుంటారు, తర్వాతి ప్రశ్నకు మళ్లీ సగం దగ్గరికే వస్తారు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం (ఐపీసీసీ) నివేదికల్లో లాగా మాటలకు శాతాల హద్దులు కూడా ఇచ్చి చూశాను: ‘జరిగే అవకాశం ఉంది’ అంటే 66 నుంచి 100, ‘చాలా ఎక్కువ అవకాశం’ అంటే 90 నుంచి 100. అంకెలు బట్టీ పట్టారు గానీ, ఘటనను చూసి మాట ఎంచుకోవడం రాలేదు. నాకు కావలసింది ఆ ఎంపికే.

ఫలితాలను లెక్కపెట్టడం కుదరని ఘటనల్లో, ఆధారాలను బట్టి సరైన మాట ఎంచుకోవడం నేర్పడానికి మీ తరగతిలో పనిచేసిన అభ్యాసం ఏది?