సోలెంట్ నుంచి షెర్బోర్గ్‌కి ఒంటరిగా తొలి రాత్రి ప్రయాణం: కునుకు, కరెంటు సంగతి

పోటుగాలి:
ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సోలెంట్ జలసంధి పడమటి చివరి నీడిల్స్ రాళ్ల నుంచి, ఇంగ్లిష్ ఛానెల్ అవతలి ఫ్రాన్స్ రేవు షెర్బోర్గ్ దాదాపు 60 నాటికల్ మైళ్లు, 5 నాట్లకి (గంటకి 5 నాటికల్ మైళ్లు) 12 గంటలు. 28 అడుగుల పడవ, టిల్లర్ పైలట్ (చుక్కానిని దానంతటదే తిప్పే యంత్రం), 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఏఐఎస్ రిసీవర్ (చుట్టుపక్కల ఓడలు పంపే సంకేతాలు అందుకునేది) ఉన్నాయి. ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుని కునుకు తీయొచ్చా? బ్యాటరీ తెల్లారేదాకా వస్తుందా?

గోదారోడు:
ఛానెల్ మధ్యలో కునుకు కుదరదండీ. 20 నాట్ల ఓడ ఐదు మైళ్లు పావుగంటలో వచ్చేస్తుంది. 12 మీటర్లలోపు పడవ పక్క లైట్లు ఒక్క మైలు కనిపిస్తే చాలని నిబంధన. అంటే మీ లైటు వాళ్ల కంట పడ్డాక మిగిలేది మూడే నిమిషాలు. పైగా రిసీవర్‌లో వాళ్లు మీకు కనిపిస్తారు గానీ మీరు వాళ్లకి కనిపించరు. మీ సంకేతాన్నీ పంపే ట్రాన్స్‌పాండర్ పెట్టించండి. ఓడ మైలు లోపలికి వచ్చేలా ఉంటే అరగంట ముందే మోగేలా అలారం పెట్టండి. నిద్ర మాత్రం మధ్యాహ్నమే పోయి, సాయంత్రం ఆటుతో సోలెంట్ పడమటి ఇరుకు హర్స్ట్ దాటండి. నైరుతి గాలి గట్టిగా ఉంటే ఆ ఆటుకి నీడిల్స్ ఛానెల్లో అలలు నిలువునా లేస్తాయి. ఆ రోజు మానేయడమే మేలు.

కరెంటు: పైలట్ సగటున 2 ఆంపియర్లు, ప్లాటర్ (మ్యాపు తెర) 1, వీహెచ్‌ఎఫ్ రేడియో, ఏఐఎస్ కలిపి ముప్పావు. మాస్టు మీద 25 వాట్ల పాత బల్బైతే ఇంకో 2. మొత్తం 12 గంటలకి దాదాపు 70 ఆంపియర్-అవర్లు. లెడ్ యాసిడ్‌లో వాడుకోదగ్గది సగమే, 50. ఎల్‌ఈడీ పెడితే 48కి దిగుతుంది, అదీ అంచుమీదే. గంటసేపు ఇంజన్ నడపడానికి సిద్ధంగా ఉండండి.

మూడో రీఫ్:
ఆ 2 ఆంపియర్లు తెరచాప సరిగ్గా ఉంటేనే. గాలికి ఎక్కువ గుడ్డ ఎత్తితే పడవ గాలివైపు తిరుగుతుంటుంది, పైలట్ ఆగకుండా లాగుతుంది, చివరికి గేర్లు అరుగుతాయి. చీకటి పడకముందే ఒక రీఫ్ వేసేయండి (తెరచాప కొంత మడిచి చిన్నది చేయండి), గాలి తక్కువున్నా సరే.

పైలట్‌ని ట్రాక్ మోడ్‌లో (గీసిన దారిమీదే పడవని పట్టి ఉంచేది) పెట్టొద్దు. ఆరు గంటలు తూర్పుకి, ఆరు గంటలు పడమరకి నెట్టే ప్రవాహం ఒకదానికొకటి చాలామటుకు రద్దవుతుంది. గంటగంటకీ ఎంత నెడుతుందో కూడి, నికరంగా మిగిలినదానికి ఒకే దిశ పట్టండి; గీతమీదే ఉండాలని ఎదురీదితే టైము వృథా. చివర్లో మాత్రం ప్రవాహానికి ఎగువనే ఉండాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో రేవు దాటి కొట్టుకుపోతే 5 నాట్ల పడవతో వెనక్కి రావడం కష్టం. షెర్బోర్గ్‌కి తూర్పున ఉన్న లైట్‌హౌసుల్లో బార్‌ఫ్లూర్ పది సెకన్లకి రెండుసార్లు తెల్లగా, కాప్ లెవీ ఐదు సెకన్లకోసారి ఎర్రగా వెలుగుతాయి.

పోటుగాలి:
ఇంజన్ వేస్తే మాస్టు మీది ట్రైకలర్ (మూడు రంగుల లైటు) అలాగే ఉంచాలా అండీ?

మూడో రీఫ్:
ఆర్పేయాలి. డెక్ దగ్గరి పక్క లైట్లు, వెనక లైటు, మాస్టుకి ముందువైపు తెల్ల లైటు వేయండి. రెండూ కలిపి వెలిగిస్తే అవతలివాళ్లకి అర్థం కాదు.

గోదారోడు:
ఇంకోటి. నీళ్లలో పడితే పైలట్ పడవని తీసుకుపోతూనే ఉంటుంది, వెనక్కి తిప్పేవాళ్లుండరు. లోపలి మెట్ల మీద ఉండగానే రక్షణ తాడు క్లిప్ తగిలించి అప్పుడు బయటికి రండి. జాక్‌స్టేలకి (ఆ క్లిప్ తగిలించడానికి డెక్ పొడవునా కట్టేవి) స్టీలు తీగ కాదు, పట్టీలే వాడండి. తీగ కాలికింద దొర్లుతుంది. రెయిలింగ్ దాటనివ్వని ఒక మీటరు తాడు వాడండి. పీఎల్‌బీ (ఆపదలో మన చోటు తెలిపే చిన్న సంకేత పరికరం) లైఫ్ జాకెట్‌కే ఉండాలి, క్యాబిన్లో కాదు.