చీనీ తోటలో రోటవేటర్ 2 అంగుళాలకు మించి దిగడం లేదు

ప్రశ్న (గార్లదిన్నె, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. చీనీ (బత్తాయి) చెట్ల సాళ్ల మధ్య కలుపు తీయడానికి 20 హెచ్‌పీ మినీ ట్రాక్టరుకు 3 అడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేళ్లతో మట్టిని తవ్వే పరికరం) కట్టి సేద్యం చేస్తున్నాను. మాది ఎర్రగరప నేల. నిరుడు ఇదే బండి, ఇదే రోటవేటర్ 4 అంగుళాల దాకా తవ్వేవి. బ్లేళ్లు బాగా అరిగిపోవడంతో ఉగాదికి ముందు కొత్తవి కొని నేనే బిగించుకున్నాను. విచిత్రమేమిటంటే, అప్పటి నుంచి 2 అంగుళాలకు మించి దిగడం లేదు. నేల మీద టకటకమని ఎగిరిపడుతూ ట్రాక్టరును ముందుకు తోస్తున్నది. రోటవేటర్ మీద రెండు ఇసుక మూటలు పెట్టి చూసినా ప్రయోజనం లేకపోయింది. నాకు కనీసం 8 అంగుళాల లోతు కావాలి. లోపం ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (తాడిపత్రి)

అన్నా, ముందు నేలలో పదును (దున్నడానికి తగిన తేమ) ఉందో లేదో చూడండి. ఎండిన ఎర్రనేల మీద ఏ రోటవేటరైనా బండిచక్రంలా దొర్లుతుందే తప్ప దిగదు. వానపడిన రెండో రోజో మూడో రోజో, పిడికిట్లో పట్టిన మట్టి ముద్దకట్టి, వేలితో నొక్కితే విడిపోయే స్థితిలో దున్నండి. ఒకటో ‘లో’ (తక్కువ వేగపు) గేరులోనే నడపండి. నేను బాడుగకు తోలేటప్పుడు చాలామంది పని త్వరగా కావాలని గేరు పెంచమంటారు. బండి వేగం పెరిగితే బ్లేడుకు మట్టిని కొరికే వ్యవధి ఉండదు.

జవాబు 2 (పులివెందుల, మెకానిక్)

పదును సంగతి నిజమే కానీ, బ్లేళ్లు మార్చిన తరువాతే లోతు తగ్గిందని మీరే అంటున్నారు కాబట్టి ముందు వాటినే అనుమానించాలి. ఎల్ ఆకారపు బ్లేళ్లలో కుడివి వేరు, ఎడమవి వేరు. పెట్టెలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి గనుక తారుమారు కావడం మామూలే. అలా బిగించిన బ్లేడు పదునైన అంచుతో మట్టిని కోయదు, వీపుతో మట్టిని కొడుతుంది. మీరు చెప్పిన ఎగిరిపాటుకు, తోపుడుకు అదే కారణం కావచ్చు. గుర్తుపట్టడానికి కొలతలేమీ అక్కరలేదు. పది నిమిషాలు దున్ని, బ్లేళ్లకు అంటిన మట్టిని తుడిచి చూడండి, నేలకు తగులుతున్న వైపు ఇనుము మెరుస్తుంది. మెరుపు అంచున కాకుండా వీపున ఉన్న బ్లేడు తప్పుగా బిగించినట్టే. అయితే ఇంజను ఆపి, తాళంచెవి తీసి, పైకెత్తిన రోటవేటర్ కింద గట్టి దిమ్మెలు పెట్టిన తరువాతే చేయి పెట్టండి. లిఫ్టును నమ్మి కింద దూరకూడదు.

ఆ తరువాత రెండు పక్కలా నేల మీద జారే పట్టీల్లా ఉండే స్కిడ్‌లను చూడండి. లోతును నిర్ణయించేవి అవే. స్కిడ్‌ను పైరంధ్రానికి జరిపి బిగిస్తే బ్లేళ్లు ఆ మేరకు లోతుకు దిగుతాయి. రెండు వైపులా ఒకే రంధ్రంలో ఉండాలి. రోటవేటర్ పైభాగాన్ని ట్రాక్టరుకు కలిపే టాప్ లింక్‌ను గేర్‌బాక్సు సమంగా ఉండేలా సరిచేసుకోండి. పీటీవో (రోటవేటర్‌ను తిప్పే ట్రాక్టరు ఇరుసు) నిమిషానికి 540 చుట్లు తిరిగేలా యాక్సిలరేటర్ నిలపండి. ఇసుక మూటలు మాత్రం దించేయండి, ఆ బరువంతా గేర్‌బాక్సు మీద, బేరింగుల మీద పడుతుంది.

జవాబు 3 (కడప జిల్లా, చీనీ రైతు)

యంత్రం సంగతి పైవారు చెప్పారు. నా సందేహం వేరు. చీనీ తోటలో 8 అంగుళాల లోతు ఎందుకండీ? చీనీ చెట్టుకు నీటిని, ఎరువును అందుకునే సన్నవేర్లు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి. వాటిని ఏటా తెగగొడితే చెట్టు నీరసిస్తుంది, గాయాల గుండా వేరుకుళ్లు కూడా చేరుతుంది. కలుపుకు 3, 4 అంగుళాలు చాలు, అదీ సాళ్ల మధ్యలోనే, పాదులకు దూరంగా. ఏళ్లతరబడి ఒకే లోతున తిప్పి అడుగున నేల గట్టిపడిందనుకుంటే దానికి సాధనం నేలను లోతుగా చీల్చే సబ్‌సాయిలర్. దాన్ని లాగడానికి పెద్ద ట్రాక్టరు కావాలి, అదీ మొక్కలు నాటక ముందే చేయించుకోవలసిన పని.

ప్రశ్న అడిగినవారి నుంచి

పులివెందుల అన్న చెప్పినట్టు తుడిచి చూశాను. అయిదు బ్లేళ్లు వీపున మెరుస్తున్నాయి, అన్నీ ఎడమ వైపువే. వాటిని మార్చి, స్కిడ్‌లను ఒక రంధ్రం పైకి జరిపాను. మొన్నటి వానకు పదును కుదరడంతో నిన్న దున్నితే నాలుగున్నర అంగుళాలు దిగింది, ఎగరడం పూర్తిగా ఆగిపోయింది. 8 అంగుళాల ఆలోచన మానుకున్నాను. పాదుల దగ్గర ఇకపై పారతోనే చెక్కిస్తాను. ఇసుక మూటలు దించేశాను.