కంటి ఒత్తిడి 17 మాత్రమే ఉంది, అయినా నీటికాసులు అంటున్నారు: నమ్మవచ్చునా?

తెనాలి మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా వయసు 64 సంవత్సరాలు. ఉన్నత పాఠశాలలో గణితం బోధించి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. కళ్లద్దాల నంబరు మార్పించుకుందామని పోయిన నెల కంటి ఆసుపత్రికి వెళితే, అక్కడి వైద్యురాలు కంటి నరాన్ని చూసి అనుమానపడి, కంటి నరపు పొరల మందం చూపే ఓసీటీ స్కానింగు, పక్క చూపును కొలిచే ఫీల్డ్ టెస్టు చేయించారు. ఎడమ కంటిలో నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, మొదలైందని, కుడి కంటిని కూడా గమనిస్తూ ఉండాలని చెప్పారు.

నాకు అర్థం కానిది ఇది. కంటి ఒత్తిడి కుడి వైపు 16, ఎడమ వైపు 17 వచ్చింది. 21 లోపు ఉంటే భయం లేదని ఎక్కడ చూసినా రాసి ఉంది. చూపు కూడా ఏమీ తగ్గలేదు. రోజూ దినపత్రిక చదువుతున్నాను, రాత్రిపూట స్కూటరు నడుపుతున్నాను. అయితే మా అమ్మగారికి చివరి పదేళ్లు చూపు లేదు. శుక్లాలు ముదిరిపోయాయన్నారు, ఆపరేషను చేయించినా చూపు తిరిగి రాలేదు. అది ఒక్క శుక్లమే కాదేమోనన్న ఆలోచన ఇప్పుడు వస్తోంది.

చుక్కల మందు వాడవచ్చు, లేదా ముందే లేజర్ చేయించుకోవచ్చు, ఆలోచించుకుని రండి అన్నారు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి, ఈ జబ్బుకు విటమిన్ బి3 మీద కొత్త పరిశోధనలు వచ్చాయని చెప్పి మాత్రలు పంపుతానంటున్నాడు. ఈ రోగ నిర్ధారణ సరైనదేనా, లేజర్ మేలా చుక్కలు మేలా, నా తమ్ముడు, చెల్లెలు కూడా పరీక్ష చేయించుకోవాలా అన్నవి తెలిసినవారు వివరించగలరని ప్రార్థన.

విశాఖ కంటి డాక్టరు

మాస్టారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి 21 అనే అంకె సంగతి ముందు చెబుతాను. జబ్బు లేని వేలమందికి కంటి ఒత్తిడి కొలిస్తే సగటు సుమారు 16 పాదరస మిల్లీమీటర్లు వస్తుంది. దానికి రెండు ప్రామాణిక విచలనాలు కలిపితే దాదాపు 21 అవుతుంది. అంటే అది ఎక్కువమంది ఏ మేరకు ఉంటారో చెప్పే గీతే గాని, ఇవతల ఆరోగ్యం, అవతల జబ్బు అని ప్రకృతి గీసిన గట్టు కాదు. గ్లాకోమా అంటే కంటి నరం ఒక ప్రత్యేకమైన తీరులో క్షీణించడం. ఒత్తిడి అందుకు అన్నింటికన్నా పెద్ద కారణమే గాని, ఒత్తిడే జబ్బు కాదు.

దీనికి రుజువు మన హైదరాబాదులోనే ఉంది. 1990ల చివర ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ వారు ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనంలో భాగంగా నగరంలో జనాన్ని ఎంపిక చేసి పరీక్షించినప్పుడు, 27 మందిలో తెరిచిన కోణపు గ్లాకోమా, అంటే కంటిలోని నీరు బయటికి పోయే కోణం తెరిచే ఉన్నా వచ్చే రకం, కచ్చితంగా ఉన్నట్లు తేలింది. వారిలో 18 మందికి ఒత్తిడి 22 కన్నా తక్కువే. తమకు జబ్బు ఉందని అంతకు ముందే తెలిసినవారు ఇద్దరే ఇద్దరు. సగం మందికి పైగా అప్పటికే నరం తీవ్రంగా దెబ్బతిని ఉంది. 2000లో ప్రచురితమైన ఈ లెక్కలను నేను ప్రతి ఏడాదీ జూనియర్లకు చెబుతూనే ఉంటాను, అయినా ఒత్తిడి మాత్రమే కొలిచి పర్వాలేదని పంపించే అలవాటు మాలో పూర్తిగా పోలేదు.

చూపు బాగానే ఉంది కదా అంటారు. కంటి నరంలో పది లక్షలకు పైగా పోగులు ఉంటాయి. వాటిలో చాలా భాగం పోయేదాకా నడిమి చూపు చెక్కుచెదరదు. పక్క చూపులో అక్కడక్కడా లోపించిన భాగాన్ని రెండో కన్ను పూరిస్తుంది, మిగిలినదాన్ని మెదడు సర్దేస్తుంది. అందుకే దినపత్రిక చదవగలగడం ఈ జబ్బు విషయంలో సాక్ష్యం కాదు.

అయితే మీ సందేహాన్ని నేను తోసిపుచ్చడం లేదు. నిర్ధారణకు ముందు మీరు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, మందం కొలిచారా? అది పలుచగా ఉంటే యంత్రం ఒత్తిడిని అసలు కన్నా తక్కువగా చూపిస్తుంది. గోనియోస్కోపీ చేశారా? చుక్కమందుతో కంటిని మొద్దుబార్చి, అద్దాలున్న ఒక లెన్సు పెట్టి, కంటిలోని నీరు బయటికి పోయే కోణం తెరిచి ఉందా మూసుకుపోయిందా అని చూసే పరీక్ష అది. మన దేశంలో కోణం మూసుకుపోయే రకం కూడా తక్కువేమీ కాదు, దానికి చికిత్స దారి వేరు. ఫీల్డ్ టెస్టు మళ్లీ చేశారా? మెరిసే చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలన్నది అలవాటు కావడానికే ఒకటి రెండు సార్లు పడుతుంది, కనుక మొదటి ఫలితాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. మీకు మైనస్ పవరు ఎక్కువగా ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్న కళ్లలో జబ్బు లేకున్నా ఓసీటీ తేడా ఉందనే ఎర్ర రంగు చూపించి అందరినీ హడలగొడుతుంది.

తక్కువ ఒత్తిడి రకానికి చికిత్స వల్ల లాభం ఉందా అంటే, ఉంది. 1998లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఉన్న ఒత్తిడిని 30 శాతం తగ్గించిన కళ్లలో నూటికి 12, చికిత్స లేకుండా వదిలిన కళ్లలో నూటికి 35 జబ్బు ముదిరినట్లు తేలింది. మీ లెక్కలో అది 17 నుంచి 12కి దించడం అన్నమాట.

కరీంనగర్ పెద్దాయన

మాస్టారు గారికి నమస్కారం. నేను వైద్యుణ్ణి కాను. పద్నాలుగేళ్లుగా రెండు కళ్లలో చుక్కలు వేసుకుంటున్న రోగిని. డాక్టరమ్మ చెప్పని చిన్న సంగతులు నేను చెబుతాను.

చుక్క వేసుకున్న తరువాత కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. లేకపోతే మందు ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోతుంది. రెండు రకాల మందులు ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. టిమోలాల్ అనే మందు ఉబ్బసం ఉన్నవారికి, గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికి పనికిరాదు. నాకు మొదట అదే రాశారు. ఆయాసం వస్తే వయసు మీద పడిందనుకున్నాను గాని, కంటి చుక్కకూ ఊపిరికీ సంబంధం ఉంటుందని ఎవరు అనుకుంటారు? చిన్నప్పటి ఉబ్బసం సంగతి వారు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు వాడుతున్న లాటనోప్రాస్ట్ రాత్రి ఒక్కసారి వేసుకుంటే చాలు. దానితో కళ్లు కొంచెం ఎర్రబడతాయి, రెప్ప వెంట్రుకలు ఒత్తుగా పెరుగుతాయి. నా మనవరాలు వాటిని చూసి అసూయపడుతుంది.

ఇంకొక మాట. మీకు యోగా అలవాటు ఉంటే శీర్షాసనం మానేయండి. ఆ ఆసనంలో ఉన్నంతసేపు కంటి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుందని చెన్నైలో యోగసాధకులను పరీక్షించి 2006లోనే ప్రచురించారు. నడకకు, ప్రాణాయామానికి మా డాక్టరు అడ్డు చెప్పలేదు.

అన్నింటికన్నా కష్టం ఏమిటంటే, చుక్క వేసుకుంటే ఏ మేలూ కనబడదు, మానేస్తే ఏ కీడూ కనబడదు. అందుకే నేను రెండో ఏట ఐదు నెలలు మానేశాను. ఆ ఐదు నెలల్లో పోయిన పక్క చూపు మళ్లీ రాలేదు. మీకు లేజర్ అవకాశం ఇచ్చారంటే, నా మాటగా, దాని గురించి గట్టిగా ఆలోచించండి.

లీడ్స్ నుంచి ఒక ఆప్టోమెట్రిస్టు

నేను గుంటూరు వాణ్ణే, ఇంగ్లండులో పనిచేస్తున్నాను. పెద్దాయన చివర అన్న మాటకు ఇక్కడ జరిగిన లైట్ అనే అధ్యయనం ఆధారం ఇస్తుంది. కొత్తగా జబ్బు బయటపడిన లేదా ఒత్తిడి మాత్రమే ఎక్కువగా ఉన్న 718 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎస్ఎల్‌టీ అనే లేజర్‌తో, మరో జట్టుకు చుక్కలతో చికిత్స మొదలుపెట్టారు. మూడేళ్లకు లేజర్ జట్టులో నూటికి 74 మందికి చుక్కల అవసరమే రాలేదు. 2023లో వచ్చిన ఆరేళ్ల ఫలితాల్లో ఆ జట్టులో సుమారు 70 శాతం కళ్లు మందులూ ఆపరేషనూ లేకుండానే లక్ష్యంగా పెట్టుకున్న ఒత్తిడి దాటకుండా నిలిచాయి. కంటిలోని నీటికి కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషను దాకా వెళ్లిన కళ్లు చుక్కల జట్టులో 32, లేజర్ జట్టులో 13. ఈ అధ్యయనపు మూడేళ్ల ఫలితాల తరువాతే 2022లో బ్రిటన్ మార్గదర్శకాలు లేజర్‌ను మొదటి చికిత్సగా సూచించాయి.

ఇది కాల్చే లేజర్ కాదు. నీరు బయటికి పోయే జల్లెడలాంటి కణజాలాన్ని మేల్కొలిపే చిన్న చిన్న కాంతి మెరుపులే. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కాలం గడిచేకొద్దీ ప్రభావం తగ్గుతుంది, అవసరమైతే మళ్లీ చేయవచ్చు. అయితే మీ విషయంలో ఒక మెలిక ఉంది. మొదట ఒత్తిడి ఎంత ఎక్కువగా ఉంటే లేజర్ అంత ఎక్కువగా దించుతుంది. 17 ఉన్న కంటిలో 12 దాకా దిగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు కనుక, లేజర్ తరువాత ఒక చుక్క కూడా కలపాల్సి రావచ్చు. కోణం తెరిచి ఉందని గోనియోస్కోపీలో తేలితేనే ఇది చేస్తారు.

బి3 విషయం. 2017లో అమెరికాలో వంశపారంపర్య గ్లాకోమా ఉన్న ఎలుకలకు బి3లో ఒక రూపమైన నికోటినమైడ్ ఇస్తే నరం చాలా వరకు నిలిచింది. 2020లో మెల్‌బోర్న్‌లో 57 మందికి రోజుకు 3 గ్రాముల దాకా ఇచ్చి చూస్తే, రెటీనా లోపొరల విద్యుత్ స్పందన కొంత మెరుగుపడింది. కంటి ఒత్తిడి మాత్రం తగ్గలేదు. కొద్ది వారాల స్పందన మెరుగుపడటం వేరు, ఏళ్ల తరబడి చూపు నిలవడం వేరు. ఆ రెండో దాన్ని తేల్చడానికే స్వీడన్‌లోనూ ఇతర చోట్లా పెద్ద పరీక్షలు చేపట్టారు. అంత మోతాదు కాలేయాన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది. పైగా అమెరికా దుకాణాల్లో బి3 పేరుతో దాని మరో రూపమైన నియాసిన్ కూడా అమ్ముతారు, దానితో ఒళ్లంతా ఎర్రబడి మంట పుడుతుంది. మీ అబ్బాయిని మాత్రలు పంపవద్దనండి. పంపినా మీ డాక్టరును అడగకుండా, కాలేయ పరీక్ష చేయించకుండా మొదలుపెట్టవద్దు.

తోబుట్టువుల సంగతిలో సందేహమే వద్దు. రోటర్‌డామ్‌లో రోగుల దగ్గరి బంధువులను పరీక్షించి 1998లో ప్రచురించిన లెక్క ప్రకారం, జీవితకాలంలో వారికి ఈ జబ్బు వచ్చే అవకాశం 22 శాతం, ఇతరులకు 2.3 శాతం. మీ తమ్ముడు, చెల్లెలే కాదు, డల్లాస్ అబ్బాయి కూడా ఒకసారి నరం చూపించుకోవాలి. మాత్రల కొనుగోలు కన్నా అతనికి అది ముఖ్యమైన పని.

ఒక తల్లి, అనంతపురం

ఇక్కడ పెద్దవాళ్ల గురించే మాట్లాడుతున్నారు కనుక ఒక్క మాట చేరుస్తాను. మా బాబుకు ఎనిమిదేళ్లప్పుడు వేసవి వస్తే కళ్లు దురద పెట్టి ఎర్రబడేవి. ఒకసారి డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కలకు వెంటనే తగ్గింది. ఆ పాత చీటీనే చూపించి మందుల షాపులో మళ్లీ మళ్లీ కొన్నాను. రెండేళ్ల తరువాత బాబు ఒత్తిడి 38 ఉందన్నారు. ఒక కంటికి ఆపరేషను అయింది. ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు, కారణం ఆ సీసానే. కంటి చుక్కలే కాదు, ఇన్‌హేలర్, చర్మానికి రాసే క్రీము, మాత్రలు ఏ రూపంలో స్టెరాయిడ్ చాలాకాలం వాడుతున్నా కంటి ఒత్తిడి చూపించుకోండి.

తెనాలి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్లీ ఆసుపత్రికి వెళ్లాను. కోణం తెరిచే ఉంది. కార్నియా మందం 498 మైక్రాన్లు, పలుచనే అన్నారు. ఫీల్డ్ టెస్టు రెండోసారి చేస్తే ఎడమ కంటిలో అదే చోట, పై భాగాన, అదే లోపం కనిపించింది. కనుక నా వాదన ఓడిపోయింది. వచ్చే వారం ఎడమ కంటికి లేజర్.

అయితే నాతో వచ్చిన మా తమ్ముడి సంగతి విచిత్రంగా ఉంది. వాడికి 58 ఏళ్లు, ఒత్తిడి రెండు కళ్లలోనూ 25. నరం, ఓసీటీ, ఫీల్డ్ అన్నీ శుభ్రంగా ఉన్నాయట. 17 ఉన్న నాకు జబ్బు, 25 ఉన్న వాడికి లేదు. వాడు చికిత్స తీసుకోవాలా, వద్దా?

విశాఖ కంటి డాక్టరు

మీ తమ్ముడి లాంటి 1,636 మంది మీద అమెరికాలో జరిగిన అధ్యయనం ఉంది మాస్టారూ. 2002లో వచ్చిన ఐదేళ్ల ఫలితంలో, చుక్కలు వాడినవారిలో 4.4 శాతం మందికి, వాడనివారిలో 9.5 శాతం మందికి గ్లాకోమా వచ్చింది. ప్రమాదం సగం తగ్గిన మాట నిజమే, కానీ చికిత్స లేకుండానే నూటికి తొంభై మంది ఆ ఐదేళ్లు క్షేమంగా ఉన్నారు. ఇరవై ఏళ్లకు మాత్రం దాదాపు 46 శాతం మందికి ఒక కంటిలోనైనా జబ్బు కనిపించిందని 2021లో ప్రచురించారు. ఎవరికి వస్తుందో చెప్పే సూచనల్లో వయసు, ఒత్తిడి, నరం ఆకారంతో పాటు కార్నియా మందం ముఖ్యమైనదని తేలింది కూడా ఆ అధ్యయనంలోనే. 555 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ ఉన్నవారికి ముప్పు ఎక్కువ, 588 దాటినవారికి చాలా తక్కువ. మీ తమ్ముడికి అన్నీ చేశారు గాని కార్నియా మందం చూసినట్లు మీరు రాయలేదు. మందంగా ఉంటే ఆ 25లో కొంత యంత్రం కలిపినదే కావచ్చు. మీలాగే పలుచగా ఉంటే, అమ్మగారి చరిత్ర, మీ చరిత్ర చూసి నేనైతే చికిత్స మొదలుపెడతాను. వచ్చే వారం మీ లేజర్‌కు ఆయన్ను తోడు తీసుకెళ్లి, ఆ ఒక్క కొలతా తీయించి ఇక్కడ రాయండి.